తనిఖీకి, తీర్పుకు నడుమ: వైద్య పరీక్షాశాలల గుర్తింపు నిర్ణయాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రక్తపరీక్ష ఫలితం సరైనదో కాదో నేరుగా తెలుసుకునే సాధనం రోగి చేతిలో లేదు. చాలా సందర్భాలలో వైద్యుడి చేతిలోనూ లేదు. ఈ లోటును పూరించడానికి ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ‘అక్రెడిటేషన్’ అనే వ్యవస్థ రూపొందింది. ఒక పరీక్షాశాల నమ్మదగినదని నిర్ణయించే అధికారం ఎవరిది, ఏ ఆధారాల మీద ఆ నిర్ణయం జరుగుతుంది, తనిఖీ చేసేవారిని నిర్ణయం నుంచి ఎందుకు వేరుచేశారు అనే ప్రశ్నలను అమెరికా, ఆస్ట్రేలియా, భారతదేశాల అనుభవాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైద్య పరీక్షాశాల, గుర్తింపు, అక్రెడిటేషన్, ప్రావీణ్య పరీక్ష, ఐఎస్‌ఓ 15189, ఎన్‌ఏబీఎల్, నిష్పాక్షికత.

1. ఒక మాట, మూడు అర్థాలు

‘గుర్తింపు లేని ల్యాబ్’ అనే మాట తెలుగు పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. ఆ వార్త చదివిన పాఠకుడికి ఆ ల్యాబ్‌కు ఏది లేదో స్పష్టంగా తెలియదు. ప్రభుత్వం వద్ద నమోదు కాకపోయినా, వ్యాపారానికి కావలసిన అనుమతులు తీసుకోకపోయినా, ఏ నాణ్యతా సంస్థా దాని సామర్థ్యాన్ని ధ్రువీకరించకపోయినా తెలుగులో అన్నింటికీ ‘గుర్తింపు’ అనే ఒకే మాట సరిపెడుతున్నారు. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు నిర్ణయాలు. నమోదు వల్ల ఆ సంస్థ ఉనికి మాత్రమే ప్రభుత్వ దస్త్రాలకు ఎక్కుతుంది. అనుమతి పనిచేసే హక్కునిస్తుంది. అక్రెడిటేషన్ మాత్రం ఫలానా పరీక్షను ఫలానా పద్ధతిలో, ఫలానా కచ్చితత్వంతో చేయగల సామర్థ్యం ఆ పరీక్షాశాలకు ఉందని మూడవ పక్షం ఇచ్చే సాక్ష్యం. మొదటి రెండూ రాజ్యం పని. మూడవది చరిత్రలో చాలాకాలం రాజ్యానికి వెలుపలే ఎదిగింది. చర్చ సాగే క్రమంలో ఈ తేడా మరుగున పడకుండా ఈ వ్యాసంలో ‘గుర్తింపు’ అనే పదాన్ని అక్రెడిటేషన్‌కు మాత్రమే వాడడం జరిగింది.

2. కొలత మీద అనుమానం

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఆసుపత్రి పరీక్షాశాల వైద్యంలో విడదీయరాని భాగమైంది. అది ఇచ్చే అంకెను ప్రశ్నించే అలవాటు మాత్రం లేదు. విలియం బెల్క్, విలియం సండర్మన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఆ ప్రశ్న వేశారు. పెన్సిల్వేనియా, పరిసర ప్రాంతాలకు చెందిన 59 ఆసుపత్రి పరీక్షాశాలలకు వారు ఒకే ద్రావణాలను పంపి, గ్లూకోజ్, యూరియా, కాల్షియం, హీమోగ్లోబిన్ వంటివాటిని కొలిచి చెప్పమన్నారు. ద్రావణంలో ఏది ఎంత ఉందో వారికి ముందే తెలుసు. 1947లో ప్రచురితమైన వారి నివేదిక ప్రకారం సంతృప్తికరమైన ఫలితాల కంటే అసంతృప్తికరమైనవే ఎక్కువగా వచ్చాయి. 1953లో బ్రిటన్‌లో వూటన్, కింగ్ ఇటువంటి పరిశీలననే ప్రచురించారు. ఆసుపత్రి మారితే ఒకే రక్తం విలువలు మారుతున్నాయని అక్కడా తేలింది.

బెల్క్, సండర్మన్ ఆ పరీక్షాశాలల గదులు చూడలేదు. ఉద్యోగుల అర్హతలు అడగలేదు. జవాబు తమకు తెలిసిన ప్రశ్నను పంపి, వచ్చిన జవాబును సరిచూశారు. తరువాతి కాలంలో ‘ప్రావీణ్య పరీక్ష’ అని పేరు పడిన పద్ధతికి ఇదే బీజం. గుర్తింపు నిర్ణయాలకు ఆధారమైన రెండు సాక్ష్యాలలో ఇది మొదటిది. రెండవది స్థలపరిశీలన. పరీక్షాశాల ఇచ్చిన జవాబు ఒప్పా తప్పా అని ప్రావీణ్య పరీక్ష చెబుతుంది. ఆ జవాబు ఎలా వచ్చిందో, రేపు కూడా అలాగే వస్తుందో లేదో స్థలపరిశీలన చెప్పాలి. ఈ రెండు సాక్ష్యాలూ ఒకదానితో ఒకటి విభేదించినప్పుడు దేనిని నమ్మాలన్నది ఈ చరిత్ర పొడవునా కనిపించే చిక్కు.

అదే 1947లో ఆస్ట్రేలియాలో పరీక్షాసంస్థల జాతీయ సంఘం ‘నాటా’ ఏర్పడింది. దాని పుట్టుకకు వైద్యంతో సంబంధం లేదు. యుద్ధకాలంలో ఆయుధ సామగ్రిని పరీక్షించగల నమ్మకమైన ప్రయోగశాలలు దేశంలో ఎన్ని ఉన్నాయో తెలియక పడిన ఇబ్బంది దాని వెనుక ఉంది. ఇనుము, సిమెంటు, పేలుడు పదార్థాల పరీక్షలకు అల్లిన చట్రమే తరువాత రక్తానికీ మూత్రానికీ వర్తించింది. వైద్య పరీక్షాశాలల గుర్తింపు భాషలో నేటికీ వినిపించే పారిశ్రామిక ధ్వనికి ఈ వారసత్వమే కారణమని చెప్పవచ్చు.

3. చట్టం, పత్రిక, మళ్ళీ చట్టం

1946లో ఏర్పడిన అమెరికన్ పాథాలజిస్టుల కళాశాల 1961లో పరీక్షాశాలల గుర్తింపు కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఒక ఆసుపత్రి పాథాలజిస్టు బృందం మరొక ఆసుపత్రి పరీక్షాశాలకు వెళ్ళి, ప్రశ్నావళి చేతపట్టుకుని పరిశీలించడం దాని పద్ధతి. వృత్తి తెలిసినవారే వృత్తిని చూడడం ఇందులోని బలం. ఈ ఏడాది తనిఖీకి వచ్చినవారి పరీక్షాశాల మరో ఏడాది తనిఖీకి గురికావడం, అందరూ ఒకే వృత్తి కుటుంబానికి చెందినవారు కావడం ఇందులోని బలహీనత.

1967లో అమెరికా కాంగ్రెస్ తొలి పరీక్షాశాలల అభివృద్ధి చట్టాన్ని చేసింది. రాష్ట్రాల సరిహద్దులు దాటి నమూనాలు స్వీకరించే పరీక్షాశాలలకే అది వర్తించింది. పాథాలజిస్టుల కళాశాల గుర్తింపు పొందినవాటికి, ప్రమాణాలు సమానంగా ఉన్నంతవరకు, ప్రత్యేక లైసెన్సు నుంచి మినహాయింపు దొరికింది. వృత్తిసంఘం నిర్ణయానికి ఇక్కడ మొదటిసారి చట్టబలం చేకూరింది.

ఇరవై ఏళ్ళ తరువాత, 1987లో, వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రికలో వాల్ట్ బోగ్డానిచ్ రాసిన కథనాలు ఈ ఏర్పాటును కుదిపివేశాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పసిగట్టే పాప్ స్మియర్ పరీక్షలను కొన్ని పరీక్షాశాలలు యంత్రంలా చేయిస్తున్నాయని, స్లైడుకు ఇంత అని కూలి కట్టి పరిమితికి మించి చూపిస్తున్నాయని, దానివల్ల క్యాన్సర్ లక్షణాలు కళ్ళముందే తప్పిపోతున్నాయని ఆ కథనాలు బయటపెట్టాయి. 1988లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 31న కొత్త చట్టంపై సంతకం జరిగింది. 1992 సెప్టెంబరు 1 నుంచి దాని నిబంధనలు అమలులోకి వచ్చాయి. మనిషి నమూనాను రోగనిర్ధారణకోసం పరీక్షించే ప్రతి స్థలమూ ఈ చట్టం కిందికి వచ్చింది. ఒక సైటోటెక్నాలజిస్టు 24 గంటల్లో చూడదగిన స్లైడులకు 100 అనే గరిష్ఠ పరిమితి ఏర్పడింది.

ప్రావీణ్య పరీక్షకు ఈ చట్టం అంకెల రూపమిచ్చింది. సాధారణంగా ఏడాదికి మూడుసార్లు, ప్రతిసారీ ఐదు నమూనాలు వస్తాయి. వాటిలో కనీసం 80 శాతం సరిగా చెప్పాలి. రక్తం గ్రూపు విషయంలో మాత్రం 100 శాతం. తప్పు గ్రూపు రక్తం ఎక్కితే సగటు లెక్కలు రోగిని కాపాడవు కనుక ఈ తేడా న్యాయమే. ఆ నమూనాను ఉద్దేశపూర్వకంగా మరో పరీక్షాశాలకు పంపి జవాబు తెప్పించుకుంటే ధ్రువపత్రం కనీసం ఏడాదిపాటు రద్దు. ఈ నిబంధన ఎంత కఠినంగా మారిందంటే, మామూలు రోగి నమూనాలను పంపినట్టే పొరపాటున పంపిన పరీక్షాశాలలు కూడా అదే శిక్షకు గురయ్యే స్థితి వచ్చింది. శిక్షను సందర్భాన్ని బట్టి నిర్ణయించే విచక్షణను 2012 నాటి సవరణ చట్టం అధికారులకు తిరిగి ఇచ్చింది. గుర్తింపు నిర్ణయాన్ని పూర్తిగా అంకెలకు అప్పగించాలని చూసిన ప్రయత్నం చివరికి మనిషి విచక్షణ దగ్గరికే చేరింది.

4. బాల్టిమోర్ పాఠం

గుర్తింపు నిర్ణయం ఎక్కడ విఫలమవుతుందో తెలుసుకోవడానికి 2004లో వెలుగుచూసిన మేరీలాండ్ జనరల్ హాస్పిటల్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. బాల్టిమోర్ నగరంలోని ఆ ఆసుపత్రి పరీక్షాశాల 2002 జూన్ నుంచి 2003 ఆగస్టు వరకు సుమారు 460 మంది రోగులకు నమ్మదగని హెచ్‌ఐవీ, హెపటైటిస్-సీ ఫలితాలను ఇచ్చింది. పరీక్ష సవ్యంగా సాగుతున్నదో లేదో చెప్పే నియంత్రణ నమూనాలు విఫలమైనా ఆ రోజు ఫలితాలను ఆపలేదు. నియంత్రణ విలువలను తోసిరాజని నివేదికలు వెళ్ళాయి. హెచ్‌ఐవీ లేదని చెప్పిన మనిషికి అది ఉండవచ్చు. ఉందని చెప్పిన మనిషి లేని వ్యాధిని తలచుకుని కుమిలిపోతూ ఉండవచ్చు. ఈ సంగతి బయటపెట్టింది ఏ తనిఖీ బృందమూ కాదు. అక్కడే పనిచేసిన ఒక ఉద్యోగిని ఫిర్యాదు చేసింది.

ఆ కాలమంతా ఆ పరీక్షాశాలకు పాథాలజిస్టుల కళాశాల గుర్తింపు ఉంది. తనిఖీ జరిగింది, ప్రశ్నావళి నిండింది, నిర్ణయం వెలువడింది. నియంత్రణ నమూనాల దస్త్రాలు ఆ గదిలోనే ఉన్నాయి. అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం 2004లో జరిపిన విచారణలలో ఎదురైన ప్రధాన ప్రశ్న ఇదే: ప్రమాణాలు తెలిసినవారు వెళ్ళి చూసినా ఎందుకు కనబడలేదు?

దీనికి దొరికే జవాబులలో మొదటిది తారీఖు. తనిఖీ ఎప్పుడన్నది ముందే తెలిస్తే ఆ రోజుకు పరీక్షాశాల తన ఉత్తమ రూపంలో సిద్ధమవుతుంది. పెండ్లిచూపులనాటి ఇంటిని చూసి సంసారాన్ని అంచనా వేయడం వంటిదే ఇది. పాథాలజిస్టుల కళాశాల 2006 నుంచి సాధారణ తనిఖీలను ముందస్తు సమాచారం లేకుండా నిర్వహించడం మొదలుపెట్టింది. రెండవ జవాబు లోతైనది. గుర్తింపు సంస్థలు తమను తాము బోధకులుగా భావించుకున్నాయి. లోపం కనబడితే దిద్దుకోమని చెప్పడమే తమ పని అనుకున్నాయి. శిక్షించడం వారి స్వభావంలో లేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2006లో ఇచ్చిన నివేదిక కూడా బోధనకూ నియంత్రణకూ మధ్య తప్పిన ఈ సమతూకాన్ని ఎత్తిచూపింది.

బోధన తప్పనలేము. లోపాన్ని ఒప్పుకుంటే శిక్ష పడుతుందని తెలిసిన పరీక్షాశాల లోపాన్ని దాస్తుంది. దిద్దుకునే అవకాశం ఉందని తెలిస్తే బయటపెడుతుంది. ఆ కళాశాల పద్ధతిలో లోపాలు రెండు అంచెలు. మొదటి అంచె లోపానికి దిద్దుబాటు ఏం చేశారో రాసి పంపితే చాలు. రోగి ఫలితాన్ని ప్రభావితం చేయగల రెండవ అంచె లోపానికి రాతతోపాటు రుజువులు కూడా జతచేయాలి. గడువు 30 రోజులు. ఆ కాగితాలు చూసినవారు నిర్ణయం తీసుకుంటారు. బాల్టిమోర్ వంటి చోట ప్రమాదం కాగితానికీ వాస్తవానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే పొంచి ఉంది.

చూపించినదే చూడడం అనే పరిమితి కాలిఫోర్నియాలోని థెరనోస్ కథలోనూ ఉంది. 2013 చివరలో వచ్చిన తనిఖీ అధికారికి మామూలు యంత్రాలున్న గదిని చూపి, సంస్థ సొంత యంత్రాలున్న మరో గదిని చూపలేదని పాత్రికేయుడు జాన్ కారీరూ నమోదు చేశాడు. 2015లో న్యూవార్క్ పరీక్షాశాలపై జరిగిన తనిఖీ తరువాత, అక్కడి లోపాలు రోగుల ప్రాణాలకు తక్షణ ప్రమాదమని 2016 జనవరిలో కేంద్ర సంస్థ తేల్చింది. ఆ ఏడాది జులైలో ధ్రువపత్రం రద్దు నిర్ణయం వెలువడింది.

5. చూసినవారు తీర్పు చెప్పరాదు

పరీక్షాశాలలను గుర్తించే సంస్థలు ఎలా నడవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17011. తొలి ముద్రణ 2004లో, సవరించినది 2017లో వచ్చాయి. ఇందులో ఒక నిబంధన ఈ వ్యాసానికి ప్రధానం: తనిఖీ చేసినవారు గుర్తింపు నిర్ణయం తీసుకోరాదు. నిర్ణయించే వ్యక్తులు లేదా సంఘం వేరుగా ఉండాలి. గుర్తింపునిచ్చే సంస్థ అదే పరీక్షాశాలకు సలహాదారుగా డబ్బు తీసుకోరాదు. నిర్ణయం నచ్చని పరీక్షాశాలకు అప్పీలు చేసుకునే మార్గం ఉండాలి.

ఈ విభజన న్యాయవ్యవస్థను తలపిస్తుంది. దర్యాప్తు చేసిన అధికారే తీర్పు చెప్పడు. తనిఖీ బృందం రెండుమూడు రోజులు అదే పరీక్షాశాలలో గడుపుతుంది, అక్కడివారితో కలిసి భోజనం చేస్తుంది, పరిచయం పెరుగుతుంది. కొన్నిసార్లు దురభిప్రాయమూ పెరుగుతుంది. దూరంగా కూర్చుని నివేదికను చదివే సంఘానికి ఆ రెండూ ఉండవు. అయితే ఈ ఏర్పాటుకు వెల కూడా ఉంది. తీర్పు చెప్పే సంఘం ఆ పరీక్షాశాలను ఎన్నడూ చూడదు. తనిఖీదారు రాయడం మరచినది సంఘానికి తెలియదు. రాయడానికి మొహమాటపడినది అసలే తెలియదు. కనుక గుర్తింపు నిర్ణయపు నాణ్యత చివరికి ఒక రచన నాణ్యత మీద ఆధారపడి ఉంది. ‘రిఫ్రిజిరేటర్ ఉష్ణోగ్రత దస్త్రం అసంపూర్ణం’ అని రాసిన వాక్యానికీ, ‘మార్చి నెలలో పదకొండు రోజులు ఉష్ణోగ్రత నమోదు కాలేదు, ఆ రోజుల్లో కూడా ఆ రీఏజెంట్లతో పరీక్షలు చేశారు’ అని రాసిన వాక్యానికీ మధ్య తేడా సంఘం తీసుకునే నిర్ణయాన్నే మార్చగలదు. పాఠ్యాన్ని ఆధారంగా చేసుకుని అర్థనిర్ణయం చేసే సాహిత్య పరిశోధకులకు ఈ పరిస్థితి కొత్తదేమీ కాదు.

మరి ఈ సంఘాలను చూసేదెవరు? 1977లో ఒక సమావేశంగా మొదలైన ‘ఐలాక్’ అనే అంతర్జాతీయ సహకార వేదిక కింద 2000 నవంబరులో పరస్పర గుర్తింపు ఒప్పందం కుదిరింది. ఒక దేశపు గుర్తింపు సంస్థను ఇతర దేశాల సహసంస్థలు పరిశీలిస్తాయి. అమెరికాలో మరో అడ్డుకట్ట ఉంది. ప్రైవేటు సంస్థ గుర్తించిన పరీక్షాశాలలలో కొన్నింటిని ప్రభుత్వ తనిఖీదారులు మళ్ళీ చూసి, రెండు నిర్ణయాలనూ పోల్చుతారు. ఈ రెండవ పద్ధతే ఎక్కువ నిజాయితీ కలది. సంస్థ దస్త్రాలను కాకుండా దాని తీర్పునే అది పరీక్షిస్తుంది.

6. భారతదేశంలో

1980లలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో మొదలైన పరీక్ష, క్రమాంకన సౌకర్యాల సమన్వయ కార్యక్రమమే తరువాత ఎన్‌ఏబీఎల్‌గా మారింది. 2000లో అది అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు భారత నాణ్యతా మండలిలో భాగంగా ఉంది. ఇక్కడా తొలి అడుగులు పారిశ్రామిక ప్రయోగశాలలవే. వైద్య పరీక్షాశాలలకు ప్రత్యేకంగా ఐఎస్‌ఓ 15189 ప్రమాణం 2003లో వచ్చింది. 2007, 2012, 2022 సంవత్సరాలలో సవరణలు పొందింది.

ఎన్‌ఏబీఎల్ పద్ధతిలో పరీక్షాశాల ముందుగా దరఖాస్తును, నాణ్యతా పత్రాలను పంపుతుంది. ప్రధాన తనిఖీదారు, ఒక్కో విభాగానికి ఒక్కో సాంకేతిక తనిఖీదారు వస్తారు. బయోకెమిస్ట్రీ తెలిసినవారు బయోకెమిస్ట్రీని, హిస్టోపాథాలజీ తెలిసినవారు దానినీ చూస్తారు. పరీక్షలను తమ ఎదుటే చేయించి గమనిస్తారు. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక నివేదికను చేతిలోకి తీసుకుని వెనక్కి నడవడం వారి పనిలో అన్నింటికంటే ఫలవంతమైన భాగం. సంతకం చేసిందెవరు, ఆ రోజు నియంత్రణ నమూనా విలువ ఎంత, ఏ బ్యాచ్ రీఏజెంటు, నమూనా ఎన్ని గంటలకు చేరింది, ఎవరు తీశారు అని ఒక్కొక్క మెట్టూ దిగుతారు. అననుగుణతలను నమోదు చేస్తారు. పరీక్షాశాల దిద్దుబాటు రుజువులు పంపిన తరువాత నివేదిక గుర్తింపు సంఘం ముందుకు వెళుతుంది. సంఘం సిఫారసుపై తుది ఆమోదం వెలువడుతుంది.

నిర్ణయం మొత్తం ల్యాబ్‌కు వర్తించదని సామాన్యులకు తెలియదు. గుర్తింపు పరీక్షల జాబితాకే పరిమితం. అదే గోడల మధ్య, అదే యంత్రంపై చేసిన మరో పరీక్ష ఆ జాబితాలో లేకపోవచ్చు. అటువంటప్పుడు నివేదికలో ఆ సంగతి సూచించాలి. ఆ సూచన ఇంగ్లీషులో, చిన్న అక్షరాలలో, పేజీ అడుగున ఉంటుంది. కడప జిల్లాలోనో నల్లగొండ జిల్లాలోనో సేకరణ కేంద్రంలో రక్తమిచ్చిన రోగి పైన ఉన్న ముద్రను చూస్తాడు గాని అడుగున ఉన్న నక్షత్రం గుర్తును చూడడు. నమూనా బస్సులో ఎన్ని గంటలు ప్రయాణించిందో అతనికి తెలియదు. పరీక్షకు ముందు దశ కూడా ప్రమాణంలో అంతర్భాగమే. పొటాషియం వంటి పరీక్షలలో యంత్రం ఎంత మంచిదైనా ఆలస్యంగా వేరుచేసిన రక్తం తప్పు అంకెనే ఇస్తుంది.

భారతదేశంలో ఈ గుర్తింపు స్వచ్ఛందం. చట్టం కోరేది నమోదునే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో అల్లోపతి ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల నమోదు, నియంత్రణ చట్టం చేసింది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెచ్చింది. నివేదికపై సంతకం ఎవరిదన్న వివాదంలో, పాథాలజీలో స్నాతకోత్తర అర్హత గల నమోదిత వైద్యుడే సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా స్వచ్ఛందమనే మాట క్రమంగా పలుచబడుతోంది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం గుర్తింపు ఉన్న పరీక్షాశాలలకూ లేనివాటికీ వేర్వేరు ధరలు చెల్లిస్తూ వచ్చింది.

2020 మార్చిలో ఆ మాట పూర్తిగా వెనక్కి వెళ్ళింది. కోవిడ్ పరీక్ష చేయదలచిన ప్రైవేటు పరీక్షాశాలకు ఆర్‌ఎన్‌ఏ వైరస్ పీసీఆర్ పరీక్షలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి షరతు విధించింది. గరిష్ఠ ధర 4,500 రూపాయలు. ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు పరీక్షలు ఉచితంగా జరగాలని, అవి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న చోట గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థ లేదా ఆ మండలి ఆమోదించిన చోట గాని జరగాలని ఆదేశించింది. ఏప్రిల్ 13న ఉచిత సౌకర్యాన్ని ఆయుష్మాన్ భారత్ పరిధిలోనివారికి, ఆర్థికంగా బలహీన వర్గాలకు పరిమితం చేసింది. స్వచ్ఛందంగా కోరుకున్నవారికోసం తీర్చిన సంఘ నిర్ణయం ఒక్క నెలలో, ఎవరు పరీక్ష చేయవచ్చో ఎవరు చేయరాదో తేల్చే ప్రజా నిర్ణయమైంది. గుర్తింపు ఉన్న పరీక్షాశాలలు పెద్ద నగరాలలోనే గుమిగూడి ఉండడంవల్ల ఆ షరతు భారం దూరపు జిల్లాల మీద పడింది. నాణ్యత చూడకుండా వదిలితే తప్పుడు ఫలితాలు, పట్టుబడితే పరీక్షే లేకపోవడం అనే ఆ సంకటంలో తప్పు పట్టవలసింది షరతును కాదు. అంతకు ముందటి రెండు దశాబ్దాలలో జిల్లా పరీక్షాశాలలను ఆ స్థాయికి తీసుకురాని ఉదాసీనతను.

చిన్న పరీక్షాశాలల సంగతి అంతకు ఏడాది ముందే ఎన్‌ఏబీఎల్ దృష్టికి వచ్చింది. ప్రాథమిక పరీక్షలు మాత్రమే చేసే ల్యాబ్‌ల కోసం 2019 ఫిబ్రవరిలో ప్రవేశస్థాయి పథకం ప్రారంభమైంది. ఐఎస్‌ఓ 15189లోని సమస్త నిబంధనలకు బదులు కొద్దిపాటి ముఖ్యాంశాలు, తక్కువ రుసుము దాని లక్షణాలు. ఈ మెట్టు ఎక్కినవారు క్రమంగా పూర్తి గుర్తింపు వైపు రావాలన్నది ఉద్దేశం. అది ఐఎస్‌ఓ 15189 అక్రెడిటేషన్ కాదు. గోడకు వేలాడే ధ్రువపత్రాన్ని చూసే రోగికి ఈ రెండింటినీ వేరుచేసి చెప్పే మాట తెలుగులో ఇంకా స్థిరపడలేదు. రెండింటినీ ‘గుర్తింపు’ అనే పిలుస్తున్నారు.